“పార్ట్ 1 స్కిప్ కొట్టండి” అట!

వారంలో ఇది నాలుగోసారి. మొదట ఆఫీసు గ్రూపు, తర్వాత ఇంజినీరింగ్ బ్యాచ్ గ్రూపు, నిన్న మా పిన్ని కొడుకు. ఇవాళ పొద్దున కాఫీ గొంతు దిగకముందే మళ్లీ ఆఫీసు గ్రూపులో ఇంకొకాయన. “హంగర్ గేమ్స్ మళ్లీ చూస్తున్నారా? మాకింగ్‌జే పార్ట్ 1 స్కిప్ కొట్టి నేరుగా పార్ట్ 2కి వెళ్లిపోండి, రెండు గంటలు మిగులుతాయి” అని మొదలుపెట్టి ఐదు కారణాలు, చివర మూడు దండం బొమ్మలు. పంపినవాళ్లలో ఇద్దరు అసలు ఆ సినిమా చూడనే లేదు. అడిగితే ఒప్పుకున్నారు.

తెలియనివాళ్లకి ఒక ముక్క: హంగర్ గేమ్స్ ఓ హాలీవుడ్ సిరీస్. కాపిటల్ అనే రాజధాని పాలకులు తమ కింది డిస్ట్రిక్టుల పిల్లల్ని ఏటా అరీనా అనే బరిలో పడేసి చచ్చేదాకా ఆడిస్తారు. మాకింగ్‌జే రెండు పార్టుల్లో ఆ డిస్ట్రిక్టులు తిరగబడతాయి. సరే, కారణాలు చూద్దాం.

“జపాన్ సినిమా బాటిల్ రాయల్‌కి కాపీ.” పిల్లల్ని ఒకచోట పడేసి చంపుకోమనడం రెంటిలోనూ ఉంది, కాదనను. కానీ ఈ పార్ట్‌లో ఆట ఎక్కడుంది బాబూ? అరీనా ముందు సినిమాలోనే బద్దలైపోయింది. లేని సీన్ని కాపీ కొట్టడం ఎలాగో చెబితే నేనూ నేర్చుకుంటా.

“పాట తప్ప ఏమీ లేదు.” ఆ పాట పాడుకుంటూనే కదా జనం ఆనకట్ట మీదికి ఉరికి, పేల్చేసి, కాపిటల్‌కి కరెంటు తీసేసింది! పాట మధ్యలో టీ పెట్టుకోడానికి లేచినట్టున్నారు.

“హీరోయిన్ ఫైట్ చెయ్యదు, సినిమా అంతా యాడ్ షూటింగే.” అవును, కథే అది. తిరుగుబాటుదారులు తమ ప్రచార వీడియో కోసం స్టూడియోలో హీరోయిన్ కాట్నిస్‌కి మేకప్ వేసి, ఉత్తుత్తి పొగ పెట్టి, చేతికో జెండా ఇచ్చి డైలాగ్ చెప్పమంటారు. స్కూల్ యానివర్సరీలో అప్పజెప్పినట్టు చెబుతుంది. ఆటలో ఆమెకి గురువైన హేమిచ్ వెటకారానికి మనకీ నవ్వొస్తుంది. తర్వాత ఆయనే, ఈ పిల్ల మన మనసు కదిలించింది ఎప్పుడో చెప్పండి అని అడుగుతాడు. చెల్లి బదులు ఆటకి తానే ముందుకొచ్చినప్పుడు, ఆటలో చనిపోతున్న చిన్నపిల్ల రూ కోసం పాడినప్పుడు... ఒక్కటీ రాసిచ్చింది కాదు. అందుకే ఆమెని 8వ డిస్ట్రిక్ట్ ఆసుపత్రికి తీసుకెళతారు. కళ్లముందే ఆసుపత్రి మీద బాంబులు పడితే ఆమె కెమెరా వైపు తిరిగి అరుస్తుంది. ఆ కోపం నూటికి నూరుపాళ్లు నిజం. అదే కోపాన్ని కత్తిరించి, అతికించి, చివర తిరుగుబాటు గుర్తైన మండే పిట్ట బొమ్మ తగిలించి టీవీలో వేస్తారు. నిజమైన ఏడుపు సరుకైపోవడం అంటే అది. ఫైట్లే కావాలంటే మనకి వేరే హీరోలు బోలెడుమంది ఉన్నారు.

ఇక నాలుగోది. దీనికే నాకు ఒళ్లు మండింది. “ఇలాంటి సినిమాల వల్లే థాయ్‌లాండ్‌లో కుర్రాళ్లు ఫ్యాన్ పిచ్చితో మూడు వేళ్లు చూపించి జైలు పాలయ్యారు. మీ పిల్లలకి చూపించకండి.”

మూడు వేళ్లెత్తడం ఈ సిరీస్‌లో తిరుగుబాటు సైగ, మొదటి సినిమా నుంచే ఉంది. కనీసం తేదీలైనా చూసుకోవాలి కదా! థాయ్ సైన్యం ప్రభుత్వాన్ని కూలదోసింది 2014 మే 22న. ఈ సినిమా వచ్చింది నవంబరులో. జూన్ నాటికే అక్కడి వీధుల్లో మూడు వేళ్లు లేచాయి. ఐదుగురు గుమిగూడితేనే నేరం, నినాదం నేరం, అట్ట ముక్క మీద రాసి పట్టుకున్నా నేరం. మిగిలింది చెయ్యి, ఎత్తారు. ఆ నెలలోనే బ్యాంకాక్‌లో విద్యార్థులు నిరసనగా శాండ్‌విచ్‌లు తినబోతే పోలీసులు పట్టుకెళ్లారు. శాండ్‌విచ్ తినడం ఏ సినిమా చూసి పాడైపోయి నేర్చుకున్నారో మెసేజ్ రాసిన మేధావి చెప్పాలి.

నవంబరు 19న ఖోన్ కేన్‌లో ప్రధాని ప్రయుత్ చాన్ ఓచా ప్రసంగిస్తుంటే ఐదుగురు విద్యార్థులు ఆయన ఎదురుగా నిలబడి మూడు వేళ్లెత్తారు. సైన్యానికి నాయకత్వం వహించి ప్రభుత్వాన్ని కూల్చిన మనిషి ఎదుట. వాళ్లనీ పట్టుకెళ్లారు. అదే సమయంలో బ్యాంకాక్‌లో ఓ థియేటర్ల సంస్థ ఈ సినిమా ఆటలే రద్దు చేసుకుంది. భయపడింది ఎవరు, పిల్లలా?

పైగా, ఆ వేళ్లెత్తితే ఏమవుతుందో చూపించింది ఈ సిరీసే. క్యాచింగ్ ఫైర్‌లో 11వ డిస్ట్రిక్ట్ ముసలాయన ఈల వేసి చెయ్యెత్తుతాడు, అక్కడికక్కడే కాల్చేస్తారు. అది చూసినవాళ్లు సరదాకి ఎత్తరు. 2021 ఫిబ్రవరి 26న మయన్మార్ రాయబారి క్యా మో టున్ ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో తన దేశపు సైనిక పాలకుల్ని ధిక్కరిస్తూ మాట్లాడి, చివర మూడు వేళ్లెత్తాడు. ఆయన కూడా మొదటి రోజు మొదటి ఆటకి లైన్లో నిలబడ్డ ఫ్యానేనా? జైల్లో వేసినవాణ్ణి వదిలేసి, పడ్డవాణ్ణి “పిచ్చి” అంటూ ఫార్వర్డ్ చేస్తున్నాం చూశారూ, సినిమాలో కాపిటల్‌ని ఏలే నియంత ప్రెసిడెంట్ స్నో కోరుకునేది అదే, మనం ఉచితంగా చేసిపెడుతున్నాం.

ఐదోది, “డబ్బుల కోసం ఒక్క నవలని రెండు ముక్కలు చేశారు.”

ఒప్పుకుంటున్నా. ఇది నిజం. హ్యారీ పాటర్ వాళ్లు చేశారు, ట్విలైట్ వాళ్లు చేశారు, వీళ్లూ చేశారు. అలా విడగొట్టినందుకు బాధపడుతున్నానని డైరెక్టర్ ఫ్రాన్సిస్ లారెన్సే 2023లో చెప్పాడు. కాట్నిస్ తోటి ఆటగాడు పీటా మంచానికి కట్టేసి ఉండి గింజుకుంటుంటే అద్దం ఇవతల కాట్నిస్, అంతే, తెర నల్లబడింది. ఇంకో ఏడాది ఆగమన్నారు. ఆ రోజు హాల్లో నేనూ తిట్టుకున్నాను. (కట్టప్ప కోసం దాదాపు రెండేళ్లు ఆగిన జనం ఇది ఫార్వర్డ్ చెయ్యడం ఇంకో ముచ్చట.) బాంబు దాడికి బంకర్‌లో దాక్కున్న భాగం సాగిందన్నా కొంత ఒప్పుకుంటా. అక్కడ కూడా, పిల్లి టార్చి వెలుగు వెనక పరిగెడుతుంటే చూసే కాట్నిస్‌కి అర్థమవుతుంది, పీటాని అడ్డం పెట్టుకుని స్నో తనతో ఆడుతున్న ఆట ఏంటో.

ఇంతకీ స్కిప్ కొడతామంటే కొట్టండి, మీ ఇష్టం. పార్ట్ 2 మొదలవడమే కాట్నిస్ మెడ మీద కమిలిన మచ్చలతో. గొంతు పెగలదు, సొంత పేరు చెప్పడానికే తంటాలు పడుతుంది. ఎవరు నులిమారు, ఎందుకు నులిమారు అని ఆ రాత్రి మాత్రం నాకు మెసేజ్ పెట్టకండి.