అమరావతి రాళ్లకు కాగితం సాక్ష్యం

కోలిన్ మెకంజీ అనగానే మనకు ఆయన సేకరింపజేసిన ఊళ్ల చరిత్రలు, అంటే కైఫీయతులూ, ఆ పనిలో ఆయనకు సాయపడిన కావలి సోదరులూ గుర్తొస్తారు. స్కాట్లాండ్ నుంచి వచ్చి 1815లో భారత సర్వేయర్ జనరల్ అయిన ఈ ఇంజినీరు భూమిని కొలిచే గొలుసుతో పాటు కుంచె కూడా పట్టాడన్నది అంతగా తలచుకోం.

1798లో ఆయన అమరావతి వచ్చేసరికి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడి మనుషులు దీపాలదిన్నెను, అంటే అక్కడి బౌద్ధ స్తూపపు దిబ్బను, ఇటుకల కోసం, రాళ్ల కోసం తవ్వేశారు. 1816లో తిరిగి వస్తే దిన్నె నడుమ చెరువు గొయ్యి కనిపించింది. అప్పుడు న్యూమన్, హామిల్టన్ వంటి డ్రాఫ్ట్స్‌మన్ల చేత మిగిలిన శిల్ప ఫలకాలను గీయించాడు. 85 బొమ్మల ఆ ఆల్బమ్ ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. ఆ బొమ్మల్లోని కొన్ని రాళ్లు తర్వాత కనిపించకుండా పోయాయి. వాటికి మిగిలింది కాగితమే.

బొమ్మ అంటున్నాం గానీ, సర్వే బృందం చేతిలో అదీ ఒక కొలతే. ముందు స్కేలుకు పెన్సిల్ గీత, దానిపై మసితో చేసిన ఇండియన్ ఇంకు, ఆపైన పలచని బూడిదరంగు పొరలు. నీటికి కరిగే సిరా అయితే కుంచె తగలగానే పాకుతుంది. బోర్డును కాస్త వాల్చి, దిగువ అంచున నిలిచిన రంగునీరు ఆరకముందే కిందికి లాక్కురావాలి. మధ్యలో చెయ్యి ఆగిందా, చార పడుతుంది. రాతిలో లేని పగులు కాగితంలో పుడుతుంది! వెలుగు ఎడమ పైమూల నుంచి పడుతున్నట్టు గీయడం డ్రాయింగు ఆనవాయితీ. నీడ చెప్పేది లోతును, ఆ పూట ఎండను కాదు. బొమ్మతో పోల్చడానికి రాతిని ఫొటో తీసేవాడు కూడా దీపం అటే పెట్టాలి.

ఆ బొమ్మల అసలు ప్రతులను లండన్ నుంచి తెచ్చి ఇక్కడ గోడకు వేలాడదీయాలన్న కోరిక మాకు లేదు. నీటిరంగుకు 50 లక్స్‌కు (లక్స్ వెలుగు కొలమానం) మించి వెలుగు పనికిరాదు. నీలిమందు, ఎర్రమట్టి కలిపిన బూడిదరంగులో ముందు నీలం వెలిసిపోతుంది, మబ్బు గులాబీ రంగుకు తిరుగుతుంది. అమరావతి మ్యూజియంలో ఫలకం పక్కన మంచి ముద్రిత ప్రతి చాలు. తెలిసినచోట గీసినవాడి పేరు కూడా వేయాలి, మెకంజీ పేరొక్కటే కాదు. గోడకు సరిపోలేదని బొమ్మ అడుగున కొలత నిష్పత్తి చూపే స్కేలు గీతను మాత్రం కత్తిరించవద్దు. అది పోతే కొలత పోయినట్టే.