దగ్గరికెళ్లి చూడాల్సిన బొమ్మలు

ఫోన్లోనే బొమ్మలన్నీ కనిపిస్తుంటే చిత్రకళా ప్రదర్శనలకు వెళ్లడం ఎందుకని ఈమధ్య ఒక వ్యాసంలో అడిగారు. రాజమండ్రిలో చిత్రకారుడు దామెర్ల రామారావు పేరిట ఉన్న ఆర్ట్ గ్యాలరీకి ఒక్కసారి వెళ్లి రండి, ఆ ప్రశ్న మళ్లీ అడగరు.

ఆయన గీసిన ‘పుష్పాలంకరణ’ బొమ్మను నేను ముందు ఫోన్లోనే చూశాను, బాగుందనుకుని వదిలేశాను. గ్యాలరీలో దాని ముందు నిలబడ్డాక కదలబుద్ధి కాలేదు. అందులోని ఆడవాళ్ల చేతులు, మెడ వంపులు ఎంత మెత్తగా గీశారో! గీత ఎక్కడ ఆగి రంగు ఎక్కడ మొదలైందో చెప్పలేం. రెండడుగులు వెనక్కి వేస్తే అందరూ కలిసి ఒకే పూలదండలా కనిపించారు. పక్కనే నిలబడి చూస్తున్న పెద్దాయన “ముఖాలు కాదమ్మా, వేళ్లు చూడు” అన్నారు. అప్పట్నుంచి ఏ బొమ్మ చూసినా ముందు వేళ్లే చూస్తున్నాను.

రామారావు గారు 1897లో పుట్టి 1925లో మశూచితో పోయారు. ముప్పై ఏళ్లు కూడా నిండలేదు! ఆయన్ని గుర్తించి ప్రోత్సహించింది రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే. ఆ తర్వాతే ఆయన బొమ్మలు నేర్చుకోవడానికి బొంబాయి జేజే ఆర్ట్ స్కూల్‌కి వెళ్లారు. అంత తక్కువ కాలంలో ఇంత పని ఎలా చేశారో తలచుకుంటే గుండె బరువెక్కుతుంది.

మా అమ్మాయికి మాత్రం చిత్రకారుడు తోట వైకుంఠం గారి బొమ్మలంటే ప్రాణం. ఆ ఎర్రటి చీరలు, పెద్ద బొట్లు చూస్తే మా అమ్మమ్మే గుర్తొస్తుంది నాకు. సిద్దిపేట కాపు రాజయ్య గారి బోనాల బొమ్మలు అసలైనవి ఇంకా చూడలేదు. చూసినవాళ్లుంటే రంగులు ఎలా ఉంటాయో కాస్త వివరంగా రాయండి. మీకు నచ్చిన చిత్రకారులెవరో కూడా చెప్పండి.