ముందు హల్వా, తర్వాత పద్దు

ఇంటి లెక్కలు రాయడమంటే మనందరికీ ఎందుకింత విసుగో తేల్చాలని ఈమధ్య గట్టిగా కూర్చున్నాను. పద్దు పుస్తకం తెరవగానే ఆవులింత వస్తుంది. పెన్ను కనపడదు, కనపడితే రాయదు. అవే లెక్కలు ఢిల్లీలో చదివితే మాత్రం ఊరంతా టీవీలకి అతుక్కుపోతుంది. అక్కడున్నదీ రాబడీ, ఖర్చూ, అప్పే కదా! మరి తేడా ఎక్కడుంది? హల్వాలో ఉందని తేలింది.

కేంద్ర బడ్జెట్‌కి కొద్దిరోజుల ముందు నార్త్ బ్లాక్‌లో పెద్ద కడాయి నిండా హల్వా చేస్తారు. ఆర్థికమంత్రి స్వయంగా గరిటె పట్టుకుని సిబ్బందికి పంచుతారు. అది తిన్న అధికారులు ప్రసంగం అయ్యేదాకా ఇంటి మొహం చూడకూడదు. 1950లో ఓసారి బడ్జెట్ ముందే బయటికి పొక్కింది, అందుకని అంత గోప్యం. కరోనా ఉందని 2022లో హల్వా మానేశారు గానీ, దానికి బదులు మిఠాయిలు పంచారు. అంటే ఒక్క రూపాయి లెక్క చెప్పకముందే నోరు తీపి చేసుకునే ఏర్పాటన్నమాట. మనమో? 25వ తారీఖు దాటాక, జేబు తడుముకుంటూ, కాకరకాయ తిన్న మొహంతో లెక్కకి కూర్చుంటాం. సరదా ఎక్కణ్ణుంచి వస్తుంది?

అందుకే మొన్న మార్చి 31 రాత్రి మా వంటింట్లో హల్వా వేడుక జరిపించాను. హల్వా అంటే మన రవ్వకేసరే. పావుకిలో బొంబాయి రవ్వ, దానికి తగ్గ నెయ్యి, గుప్పెడు జీడిపప్పు. మా అత్తగారు ఒక చెంచా నోట్లో వేసుకుని, "అమ్మాయ్, యాలకులు వెయ్యలేదేం? వచ్చే ఏడాది కేటాయింపుల్లో ఉన్నాయా?" అన్నారు. ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేయడానికి కాగ్ ఉన్నట్టే, మా ఇంటికి కాగ్ ఆవిడే. తర్వాత తలుపు గొళ్లెం పెట్టి, ప్రసంగం అయ్యేదాకా ఎవరూ గడప దాటకూడదన్నాను. మా ఆయన టీ కోసం సందు చివరిదాకా వెళ్లొస్తానన్నారు. కుదరదన్నాను. ఆ ఒక్క రాత్రికే 15 రూపాయలు మిగిలాయి.

ఇక బడ్జెట్ కాగితాలు తెచ్చే సంచి. 2019లో ఆర్థికమంత్రి తోలుపెట్టె పక్కనపెట్టి ఎర్రగుడ్డలో చుట్టిన బహీఖాతా, అంటే పద్దు పుస్తకం, తెచ్చారు, 2021 నుంచి దాని లోపల ట్యాబ్లెట్ పెడుతున్నారు. ఎర్రగుడ్డకి మనకేం కొదవ? పేరంటాల్లో వచ్చిన జాకెట్టు ముక్కలు బీరువాలో డజను మూలుగుతున్నాయి. ఈ బడ్జెట్ మొత్తంలో పైసా ఖర్చులేని అంశం ఇదొక్కటే.

ప్రసంగం 11 నిమిషాల్లో అయిపోయింది. 2020లో నిర్మలా సీతారామన్ 2 గంటల 40 నిమిషాలు చదివి, నలతగా ఉండి చివరి రెండు పేజీలు వదిలేశారు. నాది ఒకటే పేజీ, అందులో సగం పద్యం. రాబడి ఒక్క వాక్యంలో చెప్పేశాక ఇంకేముంటుంది?

అసలు రహస్యం భాషలో ఉంది. మనం 'పుట్టింటి నగ కుదువ పెట్టాం' అంటే ఇంట్లో శోకాలు. 'ఆస్తుల నగదీకరణ చేపట్టాం' అన్నాను, మా ఆయన చప్పట్లు కొట్టారు. ఫ్రిజ్ ఈఎంఐ 'మౌలిక సదుపాయాల పెట్టుబడి' అయింది. పక్కింటి వదిన దగ్గర తెచ్చిన రెండు వేల చేబదులుకి మాత్రం కొత్త పేరు అక్కర్లేకపోయింది. రాష్ట్రాలు రిజర్వు బ్యాంకు దగ్గర తాత్కాలికంగా తెచ్చుకునే వేస్ అండ్ మీన్స్ సొమ్మునీ మన పేపర్లు చేబదులనే రాస్తాయి. గత ప్రభుత్వం, అంటే మా అత్తగారి హయాం మీద శ్వేతపత్రం కూడా సిద్ధం చేశాను. పొద్దున పిల్లాడికి టిఫిన్ బాక్స్ కట్టేది ఆవిడేనని గుర్తొచ్చి విడుదల ఆపేశాను.

లోటు సంగతి అడుగుతారా? కేంద్రం 2003లోనే చట్టం చేసింది, ద్రవ్యలోటు జీడీపీలో 3 శాతానికి దించాలని. గడువు జరుగుతూ వచ్చింది. నేనూ దీపావళికల్లా సున్నా చేస్తానన్నాను. ఏ ఏడాది దీపావళో చెప్పలేదు.

మా పుస్తకంలో అన్నిటికన్నా పుష్టిగా పెరిగే పద్దు పేరు 'ఇతరములు'. పాలు, బియ్యం, కరెంటు, ఫీజులు అన్నీ పోగా, ఇదెలా ఖర్చయిందో ఎవరికీ తెలియని సొమ్మంతా అందులో చేరుతుంది. మా ఆయన ఫోన్‌లో చూస్తే ఒకటే వరస: 15, 15, 15, 30. ఆ 30 రోజున స్నేహితుడు కలిశాడట. చిల్లర ఉన్న కాలంలో జేబు తేలికైనట్టయినా తెలిసేది. ఇప్పుడు డబ్బులు ముట్టాయని కొట్టువాడి డబ్బా అరిచి చెబుతుంది గానీ, పోయాయని మన చెవిలో చెప్పేవాళ్లు లేరు. ఏప్రిల్ నెల 'ఇతరముల్లో' మొదటి ఖర్చు జీడిపప్పు.

నెలాఖరున కాగ్ తనిఖీ జరిగింది. అత్తగారు కళ్లజోడు సవరించుకుని రెండుసార్లు కూడి, "40 రూపాయలు ఎక్కువుందే!" అన్నారు.

ఇల్లంతా నిశ్శబ్దం. తక్కువైతే మాకు అలవాటే, అది ఇతరముల్లో సర్దుకుంటుంది. ఎక్కువైతే ఏం చెయ్యాలో ఎవరికీ తెలీదు. ఎవరికి ఇవ్వడం మర్చిపోయాం? పాలవాడికా, పేపరుకా? మా ఆయన తనేం తీసి పెట్టలేదని ఒట్టేశారు. మూడు రాత్రులు సరిగ్గా నిద్రపట్టలేదు. నాలుగోరోజు పొద్దున్నే ఇస్త్రీ అతను గుమ్మంలో నిలబడి, "అమ్మగారూ, మొన్నటి నాలుగు చొక్కాల 40 బాకీ ఉందండీ" అన్నాడు.

అందరం ఒకేసారి ఊపిరి పీల్చుకున్నాం. అతనికి మంచినీళ్లతోపాటు కాస్త కేసరి కూడా చేసిపెట్టాను.