మానేసిన మనిషి చేతికి మూడో రోజున సిగరెట్ ఇవ్వకండి

సిగరెట్ మానేసిన మనిషి కాస్త చిరాకు పడగానే "ఎందుకింత అవస్థ, ఒకటి కాల్చుకోరాదా" అనేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. బయటివాళ్లు అన్నారంటే పట్టించుకోకుండా ఉండొచ్చు. ఇంట్లోవాళ్లే అంటారు. మా ఆయన మానేసినప్పుడు మా అత్తగారే అన్నారు, అదీ కొడుకు బాధ చూడలేక. మా ఊరి సప్తగిరి సర్కిల్ దగ్గర టీ అంగడిలో స్నేహితులైతే మాటతో సరిపెట్టలేదు, వెలిగించి మరీ చేతికి ఇచ్చారు.

ఆ రోజుల్లో మనిషి లోపల ఏం జరుగుతోందో తెలిస్తే ఎవరూ అలా చేయరు. పీల్చిన పొగలోని నికోటిన్ కొన్ని సెకన్లలోనే మెదడుకు చేరుతుంది. రెండు గంటలు గడిచేసరికి రక్తంలో సగానికి పడిపోతుంది. ఏళ్ల తరబడి దానికి అలవాటుపడిన మెదడు అది అందకపోతే ఊరుకోదు. మానేసిన కొద్ది గంటలకే విత్‌డ్రాయల్ లక్షణాలు, అంటే అలవాటైన నికోటిన్ అందక వచ్చే ఇబ్బందులు, మొదలై, సాధారణంగా రెండు మూడు రోజులకు బాగా ముదిరి, మూడు నాలుగు వారాల్లో సద్దుమణుగుతాయి. కోపం, ఆందోళన, దిగులు, నిద్రలేమి, ఏ పని మీదా మనసు నిలవకపోవడం, విపరీతమైన ఆకలి. కొందరికి మలబద్ధకం, నోటిపూత కూడా. ఇవన్నీ జ్వరంలో వచ్చే ఒళ్లునొప్పుల లాంటివే, మనిషి గుణం కాదు. సరిగ్గా అవి ముదిరిన రోజున ఒక సిగరెట్ ఇస్తే నిమిషాల్లో హాయి కలుగుతుంది. దాంతో ఇంటిల్లిపాదికీ అదే మందులా కనిపిస్తుంది. ఆ బాధ పెట్టిందే అది కదా!

మా ఇంట్లో ఆ వారం ఉగ్గానిలో ఉప్పు ఎక్కువైందని గొడవ, పిల్లలు టీవీ పెడితే గొడవ. నేను ఎదురు మాట్లాడకుండా పిల్లల్ని తీసుకుని మేడ మీదికి వెళ్లిపోయేదాన్ని. ఒక్క మాట మాత్రం స్పష్టంగా చెప్పాలి. చిరాకు వేరు, చెయ్యెత్తడం వేరు. సిగరెట్ మానేశానన్న పేరుతో భార్యాపిల్లలను కొట్టే హక్కు ఎవరికీ లేదు, దాన్ని ఓర్చుకోమని నేను ఎవరికీ చెప్పను.

మమ్మల్ని అన్నిటికన్నా ఎక్కువ ఏడిపించింది టీ. సిగరెట్ బదులు టీ తాగితే తప్పేముంది అనుకుంటాం. పొగలోని కొన్ని పదార్థాల వల్ల కాలేయం కెఫీన్‌ను త్వరగా విరిచేస్తుంది. పొగ ఆగితే ఆ వేగం తగ్గుతుంది, అన్నే కప్పులు తాగినా ఒంట్లో కెఫీన్ ఎక్కువసేపు నిలిచిపోతుంది. గుండెదడ, చేతుల వణుకు, రాత్రంతా జాగారం. తప్పంతా మానేయడం మీదికి పోతుంది. టీ సగానికి తగ్గించాక మా ఆయనకు నిద్ర పట్టింది. సిగరెట్ మానేయమని చెప్పే ప్రతి డాక్టరూ ఈ ఒక్క మాట కలిపి చెబితే ఎంత బాగుండేది! మాకు ఎవరూ చెప్పలేదు.

సిగరెట్ మానేటప్పుడు ఆ తహతహ తగ్గడానికి నమిలే నికోటిన్ గమ్ సంగతీ అంతే, ఎలా వాడాలో ఎవరూ చెప్పరు. రెండు మిల్లీగ్రాములది డాక్టరు చీటీ లేకుండానే మెడికల్ షాపులో దొరుకుతుంది. కానీ దాన్ని బబుల్ గమ్‌లా నమిలితే ఎక్కిళ్లు, గొంతులో మంట. నెమ్మదిగా నమిలి, నోరు చురుక్కుమనగానే చిగురుకూ బుగ్గకూ మధ్య పెట్టుకోవాలి. చురుకు తగ్గాక మళ్లీ నమలాలి. అది వేసుకోవడానికి పావుగంట ముందు నుంచీ కాఫీ, పళ్లరసం లాంటివి తాగకూడదు, తాగితే నికోటిన్ సరిగా ఒంటబట్టదు. ఇవేవీ తెలియక "గమ్ పనిచేయదు" అని పారేసినవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. గుండెజబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు, ఇంతకుముందు డిప్రెషన్‌కు మందులు వాడినవాళ్లు మాత్రం డాక్టరును అడగకుండా సొంతంగా ఏదీ మొదలుపెట్టకూడదు.

కాల్చాలన్న తహతహ వచ్చినప్పుడు చాలాసార్లు కొన్ని నిమిషాలే ఉంటుంది. ఆ కాసేపు పక్కన ఒకరుంటే చాలు. నడవడం, చన్నీళ్లు తాగడం, కాసిని సోంపు గింజలు, ఏదైనా ఫరవాలేదు. ఉపన్యాసాలు మాత్రం వద్దు.

ఇంకొకటి. సిగరెట్ పెట్టె మీద 85 శాతం మేర బొమ్మ, హెచ్చరిక ఉండాలన్న నిబంధన 2016 నుంచి అమల్లో ఉంది. మానేయడానికి సాయం చేసే ప్రభుత్వ ఉచిత ఫోన్ నంబరును 2018 నుంచి దాని మీదే ముద్రిస్తున్నారు. కానీ మన ఊళ్లో ఎంతమంది పెట్టె కొంటున్నారు? అంగట్లో ఒక్కొక్కటిగా విడిగా కొనేవాళ్లకు బొమ్మా కనిపించదు, నంబరూ కనిపించదు. మీ ఇంట్లో అలా విడిగా కొనే మనిషి ఉంటే, ఈ నంబరు మీరే ఆయన ఫోనులో ఎక్కించండి: 1800-11-2356.