మళ్లీ మొదట్నుంచీ గారికి

తప్పు పడగానే పిల్లల్ని పాట మొదటికి తరిమే దురలవాటు, మహారాజశ్రీ మళ్లీ మొదట్నుంచీ గారి దివ్యసముఖమునకు,

పియానో నేర్పుకుని బతికే ఒక టీచరు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ ఒకటో బార్ (పాట రాతలో రెండు నిలువు గీతల మధ్య గది) నుంచి ఎనిమిదో బార్ వరకు అందరూ క్షేమం. ఆ తర్వాతి వాళ్ల సంగతి తమరికి తెలియంది కాదు.

నిన్న శనివారం మధ్యాహ్నం క్లాసు తమరి పుణ్యమా అని గంగలో కలిసింది. “ఈ వారం 17 నుంచి 24 వరకే, ముందుది ముట్టుకోవద్దు” అని నోట్‌బుక్కులో ఎర్ర పెన్నుతో రాసి, వాళ్లమ్మగారికి వాట్సాప్‌లో ఫొటో కూడా పంపిన హోంవర్కు అది. పాప స్టూలు సర్దుకుని ఒకటో బార్ అందుకుంది. పదిహేడు నుంచమ్మా అంటే తలెత్తి చూసి, “మొదట్నుంచి వస్తేనే వస్తుంది మిస్, మధ్యలో నుంచి తెలీదు” అంది. ఆ మాట పాపది కాదు. మీరు పలికించింది.

వాయించేది ఏదో కొరుకుడుపడని సింఫనీ కాదు కదా, జి మేజర్ మెన్యుయెట్, మూడు బీట్ల చిన్న నాట్య సంగీతం. 32 బార్లు, పదహారేసి చొప్పున రెండు భాగాలు. ప్రసిద్ధ జర్మన్ స్వరకర్త బాఖ్ భార్య అన్నా మాగ్డలీనా పేరిట ఉన్న 1725 నాటి నోట్‌బుక్కులో ఉండటంతో చాలాకాలం అది బాఖ్ రాసిందే అనుకున్నారు. రాసింది క్రిస్టియన్ పెట్జోల్డ్. పాపం ఆ పెద్దాయన పాటను బాఖ్ ఖాతాలో వేశారు, మిగిలిన రెండో సగాన్ని మీరు మింగేశారు. పదిహేడో బార్ అనేది ఒకటి ఉందని హైదరాబాద్‌లో సగంమంది పిల్లలకు పుకారుగా మాత్రమే తెలుసు.

మీ పనితనం ఒప్పుకోవాలి. పిల్ల ఆరో బార్‌లో తడబడగానే మీరు చెవిలో “మళ్లీ మొదట్నుంచి” అంటారు. తొమ్మిదిలో తప్పితే అదే మాట, పద్నాలుగులో తప్పితే అదే మాట. ఇప్పుడు లెక్క చూడండి. ఒకటో బార్‌కు మూడుసార్లు సాధన అయింది, పద్నాలుగుకు ఒక్కసారి, అదీ తప్పుగా. పదిహేడుకు సున్నా. ఈలోగా ట్యూషన్ వ్యాన్ హారన్ కొడుతుంది. నోట్‌బుక్కులో “30 నిమిషాలు ప్రాక్టీసు చేసింది” అని అమ్మగారి సంతకం పడుతుంది. సంతకంలో అబద్ధం ఏమీ లేదు. వాయించింది నిజం, నేర్చుకుంది లేదు.

అంతటితో పోతే ఏదోలే అనుకోవచ్చు. తప్పు చేసిన చోట ఆగి వెనక్కి పరిగెత్తడం కూడా చేతికి పాఠమే. అలా పదిసార్లు పరిగెత్తితే తొమ్మిది తర్వాత వచ్చేది పది కాదు, ఒకటి అని వేళ్లు రూఢి చేసుకుంటాయి. తప్పు మాత్రం ఉన్నచోటే ఉంటుంది, ఎందుకంటే దాన్ని ఎవరూ బాగుచెయ్యలేదు, దాని ముందు వరకూ వచ్చి పోయారంతే. పదమూడో ఎక్కంలో ఏడో లైను అడిగితే ఒకటో లైను నుంచి గొణుక్కుంటూ వచ్చి తొంభై ఒకటి చెప్పే పిల్లాడికి ఎక్కం వచ్చినట్టా? గొలుసు వచ్చింది. ఒక కొక్కెం ఊడితే మొత్తం జారిపోతుంది.

ఆ పదిహేడో బార్ దగ్గరికే రండి, భయపడకండి. పదహారులో కుడిచెయ్యి జి అనే స్వరం మీద మూడు బీట్లు దిగబడి ఉంటుంది. పదిహేడులో అది ఒక ఆక్టేవ్ (జి నుంచి పై జి దాకా దూరం) దాటి, ఇంకో మూడో స్వరం పైనున్న బి మీద దిగాలి. ఆ దూకుడు ఒక్కటే విడిగా ఎవరైనా సాధన చేశారా? జి మోగుతుండగానే, రెండో బీటులో, కన్ను పైన ఉన్న బి మీదికి పోవాలి. చెయ్యి మూడో బీటు చివరన లేవాలి. బి మీద అయిదో వేలు, కింది జి మీద మూడో వేలు, మధ్యలో ఎ మీద నాలుగు, ఇవి పెన్సిల్‌తో రాసి ఉండాలి, రోజుకో వేలు మారకూడదు. ఈ రెండు బార్ల అతుకుకు అయిదు నిమిషాలు చాలు.

చాలదు, ఎందుకంటే మీకు అక్కడ చట్టబద్ధంగా ఒక అడ్డా ఉంది. పదహారో బార్ చివర రిపీట్ గుర్తు! దాన్ని చూపించి తమరు దర్జాగా ఒకటో బార్‌కు తీసుకుపోతారు. పదహారు నుంచి ఒకటికి నడిచిన దారి అరిగిపోయి ఉంటుంది, పదహారు నుంచి పదిహేడుకు ముళ్లకంపే. అందుకే ఇంట్లో సాధనలో రిపీట్లు రద్దు అని చెప్పాం. ఆ మాట మీరు పిల్లల చెవిన పడనివ్వరు.

ఇరవయ్యో బార్ ఇంకో ముచ్చట. జి మేజర్‌లో ఎఫ్ షార్ప్ (అర మెట్టు పెంచిన ఎఫ్) ఒక్కటే కదా అని పిల్ల ధీమాగా ఉంటే, అక్కడ సి షార్ప్ దిగుతుంది, ఎందుకంటే పాట డి మేజర్ అనే ఇంకో స్కేలు వైపు తిరుగుతోంది. బార్‌లో మొదటి సి పక్కన షార్ప్ గుర్తు ఉంటుంది, అదే బార్‌లో రెండో సి పక్కన ఉండదు. ఒకసారి వేసిన గుర్తు ఆ బార్ చివరిదాకా చెల్లుతుందని పిల్లకు చెప్పినా, చేతికి చెప్పాలిగా. మొదటి సి సరిగ్గా మోగుతుంది, రెండోది మామూలు సి అవుతుంది. చెవికి ఏదో చేదు తగులుతుంది, ఏమిటో తెలియదు, వెంటనే మీరు హాజరు. ఆ చేదు ఎక్కడిదో ఒక్క నిమిషం వెతకనిస్తే ఏం పోయింది మీ సొమ్ము?

ఇదే పాప పక్క వీధిలో కర్ణాటక సంగీతానికి వెళ్తుంది. అక్కడ తమరి పప్పులు ఉడకవు. టీచరుగారు ఒక సంగతి పాడతారు, పిల్ల ఆ సంగతే తిరిగి పాడుతుంది, కుదరకపోతే ఆ సంగతే మళ్లీ. చరణంలో గొంతు తడబడితే పల్లవికి తరమరు. సరళీ స్వరాలు మూడు కాలాల్లో పాడించనిదే ముందుకు కదలనివ్వరు. ఆ పిల్లే కీబోర్డు ముందు కూర్చుని మెట్రోనోమ్ (కాలం తప్పకుండా టిక్ టిక్ మనే యంత్రం) పెట్టమంటే తనకేదో అవమానం జరిగినట్టు చూస్తుంది.

మీ బంధుమిత్రులను కూడా పలకరించకపోతే మర్యాద కాదు. రంగు పట్టీలు పైనుంచి రాలిపడే వీడియోలు: అవి చూసి నేర్చుకున్న పిల్లలు పట్టీలు చదువుతారు, స్వరాలు కాదు. కీల మీద అంటించే స్టిక్కర్లు: మూడు నెలలకు ఊడతాయి, జిగురు, అజ్ఞానం మిగులుతాయి. ఒక బటన్ నొక్కితే దానంతటదే డప్పు వాయించే ఆటో రిథమ్. మంచం మీద పెట్టిన కీబోర్డు, దాని ముందు గూని; మోచెయ్యి కీల ఎత్తులో ఉండాలి, కాళ్లు అందకపోతే కింద పీట వెయ్యాలి, అంతే కదా. ఇక “అంకుల్ వాళ్లొచ్చారు, ఏదైనా వాయించమ్మా” అనే ఆచారం: మొదటి ఎనిమిది బార్లు, చప్పట్లు, బిస్కెట్లు, సమాప్తం. పై ఫ్లాటు ఆంటీకి కూడా ఆ ఎనిమిదీ నోటికొచ్చు, తాలింపు వేస్తూ కూనిరాగం తీస్తారు. తొమ్మిదోది ఆవిడా ఎరగరు.

పరీక్ష మాట కూడా చెప్పుకుందాం, బ్రిటన్ సంగీత పరీక్షల బోర్డు పెట్టేది. ఏబీఆర్‌ఎస్‌ఎం ప్రాక్టికల్ గ్రేడ్‌లో ఒక్కో పీసుకు 30 మార్కులు, పాసుకు 20. మొత్తం 150కి 100 వస్తే గట్టెక్కినట్టు. ఒక స్వరం తప్పితే కొంపలేమీ మునగవు, ఎడమచెయ్యి నడుస్తూ ఉంటే చాలు, తర్వాతి బార్‌లో కుడిచెయ్యి వచ్చి కలుస్తుంది. కొంప ముంచేది ఆగడం. ఆగి, “సారీ” అని, మొదట్నుంచి ఎత్తుకోవడం. ఆ గదిలో పిల్లకు గుర్తొచ్చే తలుపు అదొక్కటే, మిగతా తలుపులన్నిటికీ మీరే తాళాలేశారు. ఏడాది ఫీజు, వారం వారం కూకట్‌పల్లి ట్రాఫిక్, ఇంటిల్లిపాదీ టీవీ సౌండు తగ్గించుకున్న సాయంత్రాలు, అన్నీ ఆ ఒక్క క్షణంలో బూడిద. సిగ్గు లేదా నీకు? గారూ లేదు, గీరూ లేదు. తొమ్మిదేళ్ల పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుని బయటికొస్తుంటే నువ్వు మాత్రం ఇంకో పిల్ల పక్కన స్టూలు వేసుకుని కూర్చుంటావు.

సరే, విను. ఇకమీద మా దగ్గర పద్ధతి ఇదీ.

రెండో సగం చివర్నుంచి మొదలవుతుంది. ముందు 29 నుంచి 32. అది కుదిరాక 25 నుంచి 32, తర్వాత 21 నుంచి, ఆ తర్వాతే 17 నుంచి. ఇలా చేస్తే పిల్ల ఎప్పుడూ తెలియని చోటు నుంచి తెలిసిన చోటుకు నడుస్తుంది, ముగింపు దగ్గరపడే కొద్దీ చెయ్యి ధైర్యం తెచ్చుకుంటుంది. నీ పద్ధతిలో దూరం పోయే కొద్దీ వణుకు. ఏ ముక్క వాయించినా తర్వాతి బార్ మొదటి బీటు మీద దిగి ఆగాలి, బార్ గీత దగ్గర కాదు. విరిగేది ఎప్పుడూ అతుకు దగ్గరే.

తప్పు వస్తే ముందు అది ఏ తప్పో నోటితో చెప్పాలి: వేలా, స్వరమా, కాలమా. ఆ స్వరాన్ని, దాని ముందు వెనక ఒక్కో స్వరాన్ని నెమ్మదిగా. తర్వాత ఒక బార్ ముందునుంచి ఒక బార్ తర్వాత వరకు. మెట్రోనోమ్ నిమిషానికి 60 బీట్ల దగ్గర వరుసగా మూడుసార్లు సరిగ్గా వస్తే 64. రెండుసార్లు వరుసగా తప్పితే ఎనిమిది తగ్గించాలి, అందులో నామోషీ లేదు.

కీబోర్డు ఎడమ అంచున అయిదు చింతగింజలు. సరిగ్గా వాయిస్తే ఒకటి కుడివైపుకు, తప్పితే ఒకటి వెనక్కి. గమనించు, ఒకటి. అన్నీ వెనక్కి పెట్టించాలన్నది నీ ఆలోచనే, దాంతో పిల్లలు గింజలతో పాటు కీబోర్డును కూడా విసిరేస్తారు. అయిదూ దాటాయా, ఆ ముక్కను హార్ప్సికార్డ్ (పియానోకు ముందుకాలపు వాద్యం) సౌండ్‌లో ఒకసారి వాయించుకోనివ్వాలి. బహుమతి అంతే, చాక్లెట్టు అక్కర్లేదు. ఇంకో ఆట ఉంది: పిల్ల కావాలని ఒక స్వరం తప్పు వాయిస్తుంది, అమ్మ కనిపెట్టాలి. అమ్మ ఓడిపోతే పిల్లకు పండగ, పైగా తప్పు ఎలా వినిపిస్తుందో చెవికి పట్టుబడుతుంది.

రోజుకు ఇరవై నిమిషాలు చాలు. జి మేజర్ స్కేలు అయిదు నిమిషాలు, రెండు మరమ్మతులకు పది, చీట్లకు మూడు, చివరి రెండు నిమిషాలు మొత్తం పాట ఒకేసారి, ఏం తప్పినా ఆగకుండా. ఆదివారం ఒకేసారి రెండు గంటలు కూర్చుని వారం పాపం కడిగేసుకుంటామంటే కుదరదు.

చీట్లంటే ఏమిటనా? పాటను నాలుగు బార్లకొక ముక్కగా కోసి, ఒకటి నుంచి ఎనిమిది అంకెలు రాసి, మడిచి స్టీలు గ్లాసులో వేస్తాం. కళ్లు మూసుకుని ఏది తీస్తే అక్కణ్నుంచి వాయించాలి. నిన్ను పూర్తిగా వెలివేయలేదు, ఆ గ్లాసులో ఒకటో నంబరు చీటీ కూడా ఉంది. ఎనిమిదింట్లో నీ వాటా ఒకటి. చివర్న మొత్తం పాట వాయించేటప్పుడు ఒకసారి కనిపించు. అది తప్పించి ఇంటి చుట్టుపక్కల తిరగకు.

ఇట్లు,
ఒక పియానో టీచరు
హైదరాబాద్