కాటన్ ఇంటిపేరుకు పత్తితో వియ్యం లేదు

ఇంగ్లీషువాళ్ల ఇంటిపేర్ల మీద మనవాళ్ల పాండిత్యం అపారం. స్మిత్ అంటే కమ్మరి, బేకర్ అంటే రొట్టెలు కాల్చేవాడు, టేలర్ అంటే దర్జీ. అదే ఊపులో కాటన్ అంటే పత్తి వ్యాపారి అని తేల్చేశారు. మూడు ఒప్పయ్యాక నాలుగోది తప్పయ్యే అధికారం దానికెక్కడిది?

తప్పే. ఆ ఇంటిపేరు గుడిసెల్లో పుట్టింది. పాత ఇంగ్లీషులో 'కాట్' అంటే గుడిసె, 'కాటుమ్' అంటే గుడిసెల దగ్గర. కేంబ్రిడ్జ్ పక్కన కోటన్, స్టాఫర్డ్‌షైర్‌లో కాటన్... నాలుగు గుడిసెలున్న చోటల్లా ఆ పేరుతో ఒక ఊరు లేచింది. బట్టల కాటన్ వంశమే వేరు. అది అరబ్బుల 'కుత్న్', ఫ్రెంచివాళ్ల నోట నలిగి ఇంగ్లండు చేరింది.

ఊరి పేరు ఇంటిపేరు కావడం మనకు కొత్తేమీ కాదు. అయితే ఇందులో ఒక మెలిక ఉంది: ఊరు వదిలినవాడికే ఊరి పేరు అంటుకుంటుంది. కోటన్‌లో నిలబడి 'ఒరే కోటన్‌వాడా' అంటే ఊరంతా పలుకుతుంది. పొట్ట చేతపట్టుకుని పక్క ఊరికి పోయినవాడే 'జాన్ డి కోటన్' అవుతాడు. 13, 14 శతాబ్దాల్లో ఇలాంటి పేర్లు కొడుకులకూ మనవలకూ దిగాయి, మధ్యలో 'డి' రాలిపోయింది. అంటే ఈ ఘనమైన ఇంటిపేరు రుజువు చేసేది ఒక్కటే: మూలపురుషుడికి సొంతూళ్లో గిట్టుబాటు కాలేదు.

వంశవృక్షం గీయాలని ఉబలాటపడే కాటన్‌లు 1837 జులై దాకా తేలిగ్గానే వెనక్కి పోవచ్చు. ఇంగ్లండులో జనన మరణాల ప్రభుత్వ నమోదు అప్పుడే మొదలైంది. అంతకు ముందు చర్చి రిజిస్టర్లే దిక్కు. వాటిని పెట్టమని 1538లో ఎనిమిదో హెన్రీ రాజు మంత్రి థామస్ క్రామ్‌వెల్ ఉత్తర్విచ్చాడు. ఇంకా వెనక పన్నుల జాబితాలు, భూమి దస్తావేజులు. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. గుమస్తా చెవికి ఎలా వినపడితే అలా రాశాడు కాబట్టి ఒకే మనిషి రెండు కాగితాల్లో రెండు రకాలుగా కనిపిస్తాడు. పైగా ఊళ్లు అనేకం గనక ఇద్దరు కాటన్‌లు చుట్టాలు కానక్కర్లేదు. ఎవరి గుడిసెలు వాళ్లవి.

ఎంత తవ్వినా రాజు తగలకపోతే ఏం చెయ్యాలో సర్ రాబర్ట్ కాటన్ (1571–1631) చూపించాడు. తాను స్కాట్లండు రాజు రాబర్ట్ బ్రూస్ సంతతినని చెప్పుకుని, సంతకంలో 'బ్రూస్' చేర్చుకున్నాడు. అదే రోజుల్లో స్కాట్లండు రాజు జేమ్స్ ఇంగ్లండు సింహాసనం ఎక్కడం కేవలం కాకతాళీయమని మనం నమ్ముదాం. ఆయన గ్రంథాలయం మాత్రం నిఖార్సైనది. అలమారాల మీద రోమన్ చక్రవర్తుల తలబొమ్మలు పెట్టి, ఆ పేర్లతోనే పుస్తకాలు గుర్తుపట్టేవారు. పాత ఇంగ్లీషు కావ్యం బేవుల్ఫ్‌కు మిగిలిన ఒకే ఒక్క రాతప్రతి విటెలియస్ బొమ్మ కిందిది. 1731లో ఆ సేకరణ ఉన్న ఇంటికి నిప్పంటుకుంది, బేవుల్ఫ్ అంచులు మాడాయి. ఆ ఇంటిపేరు పత్తిలా ప్రవర్తించింది ఆ ఒక్క రాత్రే.

అమెరికా వెళ్లిన మతగురువు జాన్ కాటన్ కూతురు తన కొడుక్కి పుట్టింటి పేరునే పెట్టింది. అలా కాటన్ మాథర్ తయారయ్యాడు. 1721లో బోస్టన్‌లో మశూచి వస్తే పాతకాలపు టీకా (మశూచి పొక్కుల రసమే కొద్దిగా ఎక్కించడం) వేయించమని వాదించాడు. ఆ పద్ధతి ఆయనకు చెప్పింది ఆయన ఇంట్లో బానిసగా ఉన్న ఒనేసిమస్. జనం కృతజ్ఞతతో మాథర్ ఇంట్లోకి బాంబు విసిరారు.

ఇక మన ఆర్థర్ కాటన్ (1803–1899). 1847లో మొదలుపెట్టి 1852కల్లా ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం పాయల మీద ఆనకట్ట నిలబెట్టాడు. ఫలితం? డెల్టా అంతా వరి. ఇంటిపేరుకు ఇంతకంటే ద్రోహం ఎవరూ చేయలేదు. పత్తితో ఆయనకు సంబంధం కలిపే అవకాశం ఒక్కసారి వచ్చింది. బేరారు (నేటి విదర్భ ప్రాంతం) పత్తిని గోదావరి మీద పడవల్లో కాకినాడ చేర్చాలని మాంచెస్టర్ మిల్లుల వాళ్లు పట్టుబట్టారు. పడవ రవాణాయే మేలని దొర కూడా వాదించాడు. మధ్యలో రాళ్లు, ప్రవాహపు ఉరవడి, ఎదురుగా రైలు. డబ్బు మింగాక 1870ల మొదట్లో ఆ పని మానేశారు. పత్తి రైలెక్కింది.

దొర కూతురు లేడీ హోప్ మాత్రం కల్పనలో తండ్రిని మించిన ఇంజనీరు. చార్లెస్ డార్విన్ చివరి రోజుల్లో తన సిద్ధాంతం గురించి పశ్చాత్తాపపడ్డాడనీ, అది తాను కళ్లారా చూశాననీ 1915లో అచ్చేయించింది. డార్విన్ పిల్లలు ఆ మాట శుద్ధ అబద్ధమన్నారు. తండ్రి కట్టిన ఆనకట్టకు ఎన్నోసార్లు మరమ్మతులు చేసి, చివరికి పక్కనే కొత్త బ్యారేజీ కట్టుకోవాల్సి వచ్చింది. కూతురు కట్టిన కథ మాత్రం రిపేరు లేకుండా నేటికీ నడుస్తోంది.