‘తీరిక వేళ’ పేరుతో ఎగ్గొట్టిన కూలి

కొక్కెం సూదితో అల్లే నర్సాపురం క్రోషే లేసుకు 2024లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. గోదావరి ఆడవాళ్ల చేతిపనికి ఆలస్యంగానైనా ఒక పేరు దక్కింది, సంతోషమే. కానీ లేసు గురించి ఎక్కడ ఏ కథనం వచ్చినా, ఏ సభలో ఎవరు మాట్లాడినా ఒక మాట మాత్రం తప్పకుండా వినిపిస్తుంది. ‘ఇంటిపని చేసుకుంటూనే, తీరిక వేళల్లో’ అల్లుతారట. పొగడ్తగానే అంటారు. ఒకేసారి నాలుగు పనులు చక్కబెట్టే నేర్పు మన ఆడవాళ్లదని మురిసిపోతారు. లేసు కూలిని తరతరాలుగా నేలకు తొక్కిపట్టి ఉంచింది సరిగ్గా ఆ పొగడ్తే అని నేనంటాను.

మా మేనత్తది రాజోలు వైపు పల్లెటూరు. నా చిన్నప్పుడు ఏజెంటు నర్సాపురం నుంచి పంటు మీద గోదావరి దాటి, సఖినేటిపల్లి రేవులో దిగి సైకిలు మీద వచ్చేవాడు. దారం తూచి ఇచ్చేవాడు, అల్లిన ముక్కలు తూచి పట్టుకెళ్లేవాడు. ఇప్పుడు సైకిలు పోయి మోటారుసైకిలు వచ్చింది, తూకం అలాగే ఉంది. అత్త వంటింటి గుమ్మంలో కూర్చుంటుంది, ఎందుకంటే అక్కడ వెలుతురూ ఉంటుంది, పొయ్యీ కనిపిస్తుంది. దారపుండ దొర్లిపోకుండా ఒక గిన్నెలో పెట్టుకుంటుంది. ఎవరైనా పిలిస్తే వెంటనే పలకదు. కొక్కెం సూదిని కుట్టులో అలాగే ఉంచి, బొటనవేలితో అక్కడ నొక్కిపట్టి, పెదాలు కదుపుతూ ‘పద్నాలుగు’ దాకా వచ్చాక అప్పుడు ‘ఆఁ’ అంటుంది. దారం తెల్లటిది. పోపులో పసుపు వేసిన చెయ్యి తగిలితే మరక పడుతుంది, మరక పడ్డ ముక్కకు ఏజెంటు డబ్బులు కోస్తాడు. అందుకని లేచి కూర కలిపిన ప్రతిసారీ చేతులు సబ్బుతో కడగాలి, తుడుచుకోవాలి, పూర్తిగా ఆరాలి, అప్పుడే మళ్లీ సూది పట్టాలి.

మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు పక్కన వాచీ పెట్టుకుని కూర్చున్నాను. అరచేతిలో పట్టేంత ఒక పువ్వు. పది గంటలకు మొదలుపెట్టి పన్నెండూ నలభైకి ముగించింది. మధ్యలో తొమ్మిదిసార్లు లేచింది. అన్నం వార్చడానికి, గ్యాసు సిలిండర్ వచ్చినందుకు, మామయ్య మాత్రల కోసం, మనవడు కిందపడి ఏడ్చినందుకు. ఒకసారి ఫోనులో మాట్లాడుతూ లెక్క తప్పింది. నాలుగు కుట్ల తేడా, ఒక వరస మొత్తం విప్పేసింది. మర్నాడు మధ్యాహ్నం ఇంట్లో అందరూ పడుకున్నాక అదే పువ్వు ఇంకొకటి అల్లమన్నాను. ఎవరూ కదిలించలేదు. ముప్పై అయిదు నిమిషాల్లో అయిపోయింది. ఆ పువ్వుకు ఆమెకు వచ్చేది ఊరి సెంటర్లో ఒక టీకి సరిపోదు.

ఈ రెండు పూటల మధ్య ఉన్న తేడాలోనే అసలు విషయమంతా ఉంది. చెయ్యి అలవాటుపడ్డ పని, మాట కలిసి నడుస్తాయి. గొలుసు అల్లుతూ ఎన్ని కబుర్లయినా చెప్పుకోవచ్చు, అందులో ఆనందం కూడా ఉంది. కానీ లెక్క, లెక్క కలిసి నడవవు. కొత్త డిజైను మొదలయిందంటే వరసకు ఎన్ని కుట్లు, ఎక్కడ పెంచాలి, ఎక్కడ తగ్గించాలి అన్నది తలలో తిరుగుతూ ఉండాలి. అదే తలలో కుక్కర్ విజిల్ లెక్క కూడా పెట్టాలంటే రెండిట్లో ఒకటి పోతుంది. ఏది పోయినా నష్టం ఆమెదే. అన్నం మాడితే ఇంట్లోవాళ్లు అంటారు, లేసు చెడితే ఏజెంటు కోస్తాడు. చేతులు కడుక్కున్న నిమిషాలకు, విప్పి మళ్లీ అల్లిన వరసలకు ఎవరూ ఒక్క పైసా ఇవ్వరు. ఇదంతా ‘తీరిక వేళ’ ఖాతాలోకి పోతుంది.

ఈ సంగతి కొత్తగా కనిపెట్టిందేం కాదు. 1970ల చివర్లో జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ నర్సాపురం వచ్చి, అంతర్జాతీయ కార్మిక సంస్థ కోసం లేసు ఇళ్లలో అధ్యయనం చేసి, 1982లో అచ్చువేశారు. ఇంటి చాకిరీ కాక రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లుతున్నారని ఆమె చూపించారు. ఆరేడు గంటల తీరిక ఎవరికైనా ఉంటుందా? ఆమె చెప్పిన ఇంకో విషయం మరీ పదునైనది. గడప దాటని పరువుగల ఇల్లాళ్లుగా లెక్కకొచ్చిన లేసు ఆడవాళ్ల కన్నా, పొలంలో కూలికి వెళ్లే దళిత స్త్రీల రోజు సంపాదనే ఎక్కువ. పొలానికి వెళ్లినావిడ ‘కూలి’. ఆమె పొద్దున ఎప్పుడు వచ్చిందో, సాయంత్రం ఎప్పుడు వెళ్లిందో అందరికీ తెలుసు, కూలి రేటు గురించి గట్టిగా అడగగలదు. గుమ్మంలో కూర్చున్నావిడ ‘ఇల్లాలు’. ఆమె పనికి మొదలూ లేదు, చివరా లేదు. పరువు పేరుతో ఆమె దగ్గర లాక్కున్నది ఆ గడియారాన్నే.

ఈ విద్య మనకు 19వ శతాబ్దంలో స్కాట్లాండ్ మిషనరీ దంపతుల చేతుల మీదుగా వచ్చింది. ఆ స్కాట్లాండ్‌కే ఉత్తరాన షెట్లాండ్ దీవులున్నాయి. అక్కడి ఆడవాళ్లు పొయ్యిలోకి పీట్ అనే మండే మట్టి గడ్డలు నింపిన బుట్ట వీపున మోసుకుంటూ, నడుస్తూ నడుస్తూనే ఉన్ని మేజోళ్లు అల్లేవారు. ఒక సూదిని ఊతంగా గుచ్చుకోవడానికి నడుముకు తోలు పటకా కట్టుకునేవారు. ఆ పాత ఫొటోలు చూసి ఇప్పటికీ జనం ముచ్చటపడతారు. ఆ అల్లికకు దుకాణదారులు డబ్బు ఇవ్వకుండా టీ పొడి, బట్టలు చేతిలో పెట్టేవారన్న సంగతి మాత్రం ఫొటోలో కనపడదు. 1872లో బ్రిటిష్ ప్రభుత్వం దీనిపై విచారణ జరిపితే, ఆ ఆడవాళ్లే వచ్చి సాక్ష్యం చెప్పారు. నడుస్తూ అల్లేది ఎలాగూ నడిచే మనిషే కదా, విడిగా కూలెందుకన్న లెక్క అక్కడా ఇక్కడా ఒకటే.

ఇంటిపట్టున ఉండి సంపాదించుకునే వీలు ఆడవాళ్లే కోరుకుంటున్నారు కదా అని కొందరంటారు. నిజమే, మా అత్త కూడా అంటుంది. పసిపిల్లలున్న ఇంట్లో, ముసలివాళ్లున్న ఇంట్లో బయటికెళ్లే దారి లేనప్పుడు లేసు డబ్బు చేతికి ఆసరా. ఆ డబ్బు మీద ఆమెకున్న హక్కు నేను చులకన చేయను. కానీ ఇంట్లో కూర్చుని చేయడం ఆమెకు వీలైతే, ఎగుమతిదారుకు అంతకన్నా పెద్ద వీలు. షెడ్డు అద్దె లేదు, కరెంటు బిల్లు లేదు, కుర్చీ లేదు, కళ్లజోడు ఖర్చు లేదు. ఆమె వీలుకు ఆమె కూలి వదులుకోవాలట. అతని వీలుకు అతను ఏం వదులుకుంటున్నాడు?

మనకొక సామెత ఉంది, వేణ్నీళ్లకు చన్నీళ్ల తోడు అని. ఆడవాళ్ల సంపాదన గురించి ఎవరు మాట్లాడినా అదే వాడతారు. మగవాడిది వేణ్నీళ్లు, ఆమెది చన్నీళ్లు. 1996 నవంబరు తుపానుకు కోనసీమలో కొబ్బరి చెట్లు కూలిపోయాయి. కొబ్బరి మళ్లీ నాటితే కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. మామయ్య తోట పోయింది. ఆ తర్వాత రెండేళ్లు ఆ ఇంట్లో బియ్యం, పిల్లల ఫీజులు అత్త సూది మీదే నడిచాయి. అప్పుడు ఏవి వేణ్నీళ్లు?

ఇంట్లో చేసే పనికి లెక్క కట్టడం కుదరదనే వాళ్లు తెలంగాణ వైపు చూడాలి. నిజామాబాద్‌లో, జగిత్యాలలో బీడీలు చుట్టే ఆడవాళ్లు కూడా చేట ఒళ్లో పెట్టుకుని, పొయ్యి మీద ఓ కన్నేసి ఇంట్లోనే పనిచేస్తారు. అయినా 1966 నాటి బీడీ కార్మికుల చట్టం ఇంటి దగ్గర చుట్టేవాళ్లను కూడా కార్మికులే అంది. 1974లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని నిలబెట్టింది. వెయ్యి బీడీలకు ఇంత అని రేటు వచ్చింది, గుర్తింపు కార్డు వచ్చింది, పీఎఫ్ వచ్చింది, తర్వాత పింఛనూ వచ్చింది. ఆ బతుకులు బాగుపడిపోయాయని కాదు, ఆకు కోతలు, దగ్గులు, నడుం నొప్పులు అన్నీ ఉన్నాయి. కానీ బీడీలు తీరిక వేళల సరదా అని ఎవరూ అనరు. అదే చెయ్యి, అదే ఒళ్లు, అదే పొయ్యి. తేడా అంతా ఆ పనికి మనం పెట్టిన పేరులోనే ఉంది. ఇంటి నుంచి చేసే పని గురించి అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో 177వ ఒడంబడిక తెచ్చింది, మన దేశం ఇప్పటికీ దాన్ని ఆమోదించలేదు.

లెక్కల్లోకి ఎక్కకపోవడం లేసుతో ఆగిపోదు. కేంద్రం 2024లో చేసిన కాల వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని చేసేవాళ్లలో ఆడవాళ్లు దానికి రోజుకు 289 నిమిషాలు వెచ్చిస్తే, మగవాళ్లు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు. ఈ సర్వే రోజును అరగంట ముక్కలుగా కోస్తుంది, ఒక ముక్కలో రెండు మూడు పనులు కలిస్తే ఒకదాన్ని ముఖ్యమైనదిగా ఎంచుతుంది. మా అత్త ముక్కల్లో ఏది ముఖ్యం? కార్మిక సర్వేలో 93 అని ఒక కోడ్ ఉంది. ఇంటి పనులతో పాటు ఇంటి అవసరాలకు కుట్టుపని, అల్లిక పని వంటివి చేసుకునేవాళ్లు అందులోకి వస్తారు, శ్రామిక శక్తి బయట లెక్కవుతారు. లేసు అమ్మకానికే అల్లుతారు కాబట్టి అందులోకి రాకూడదు. కానీ గుమ్మంలోకొచ్చి అడిగిన మనిషికి ‘ఖాళీగానే ఉంటానండీ, ఏదో లేసు అల్లుకుంటాను’ అని జవాబొస్తే ఆ కాగితం మీద ఏం పడుతుంది? హైదరాబాద్‌లో ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ అమ్మాయిని అడగండి. మీటింగులో మైకు ఆపేసి బిడ్డకు అన్నం పెట్టడాన్ని నేర్పుగా పొగిడేవాళ్లే, ఆ అమ్మాయి ప్రమోషన్ దగ్గర దృష్టి చాలలేదంటారు.

నర్సాపురం లేసుకు చేయాల్సింది పెద్ద శాస్త్రమేం కాదు. డిజైను ఖరారైన రోజే, అక్కడ ఈ పని కోసమే ఉన్న లేసు పార్కులో ఒక బల్ల దగ్గర ముగ్గురు ఆడవాళ్లను కూర్చోబెట్టి, ఇంకే పనీ చెప్పకుండా ఆ ముక్క అల్లించి, పట్టిన సమయం చూడాలి. దాన్ని కనీస వేతనంతో గుణించాలి. ఆ నిమిషాలూ, ఆ రూపాయలూ దారంతో పాటు వెళ్లే చీటీ మీద తెలుగులో అచ్చు వేయాలి. జీఐ ముద్ర వేసుకునే ప్రతి ఎగుమతిదారుకూ ఆ చీటీని షరతు చేయాలి. ముద్ర ఆ చేతుల పేరు మీద వచ్చిందే కాబట్టి, చేతులకు దక్కేదేమిటో అడిగే హక్కు ప్రభుత్వానికి ఉంది.

పండగ అయ్యాక నేను బయల్దేరుతుంటే అత్త వాకిట్లోకి వచ్చింది. ‘ఒరేయ్ అబ్బాయ్, నిన్న వాచీ చూసి రాసుకున్నావు కదా, ముప్పై అయిదు నిమిషాలని. ఆ కాగితం నాకిచ్చేసి వెళ్లు. మంగళవారం ఏజెంటు వస్తాడు’ అంది.